మొగం లేని ఫోటోలు

ఫోటోకి మనం తెలుగులో పెట్టుకున్న పేరు ఛాయాచిత్రం. ఛాయ అంటే నీడ కూడా కదా! తీరా నిజంగా నీడనే ఫోటో తీసి చూపిస్తే మాత్రం "ఇదేం ఫోటో, మొగమే లేదు" అంటారు మనవాళ్ళు. సూర్యుడి పెళ్ళాం పేరు ఛాయ అని పెట్టిన పురాణాలవాళ్ళకే ఈ వ్యవహారం సరిగ్గా అర్థమైనట్టుంది.

నేను తీసేవాటిలో ఎక్కువ భాగం ఇవే. పొద్దు వెనకాల ఉండాలి, ముందర పిల్లలు ఆడుకుంటుండాలి, వాళ్ళు నల్లటి ఆకారాలుగా పడాలి. సిలుఎట్ అంటారు. అదొక మనిషి ఇంటిపేరు. ఎటియన్ ద సిలుఎట్ అని 1759లో కొన్ని నెలలపాటు ఫ్రాన్సుకి ఆర్థికమంత్రిగా చేశాడు. పొదుపు పొదుపు అని జనాన్ని విసిగిస్తే, చవగ్గా కనపడ్డ ప్రతిదానికీ ఆయన పేరు తగిలించి ఎగతాళి చేశారట. రంగుల్లో బొమ్మ వేయించుకునే స్తోమత లేనివాళ్ళు నల్ల కాగితం కత్తిరించి చేయించుకునే బొమ్మలకి ఆ పేరు అలాగే నిలిచిపోయింది. తెలుగులో దీనికి మంచి పేరు ఏదీ స్థిరపడలేదు. నేను నీడబొమ్మ అంటున్నాను, మీకు ఇంకా మంచిది తోస్తే అదే వాడుకోండి.

తియ్యడంలో పెద్ద విద్యేమీ లేదు. కెమెరాలో మీటరు ఉంటుంది. దానికి పిల్లాడూ తెలీదు, కొండా తెలీదు. ఎదురుగా ఉన్న వెలుతురునంతా సగటు చేసి ఒక మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. దాన్ని ఆకాశం మీద పెడితే ఆకాశం సరిగ్గా వస్తుంది, ముందరున్న పిల్లాడు నల్లబడిపోతాడు. మిగతా విద్యంతా నేలమీద పడుకోవడమే :) నిలబడి తీస్తే పిల్లాడి తల ఒక్కటే ఆకాశంలో ఉంటుంది, ఒళ్ళంతా వెనకాల నేలలో కలిసిపోతుంది. నలుపు మీద నలుపు! అదే పడుకుని తీస్తే పాదాలు కూడా ఆకాశంలోకి వస్తాయి. ఇంకా, పిల్లాడు మనవైపు చూడకూడదు, పక్కకి తిరిగుండాలి. ముక్కూ గడ్డం తెలియాలి, చేతులు ఒంటికి అంటుకోకుండా ఉండాలి, కాళ్ళ మధ్య వెలుతురు కనపడాలి. ఎగిరేవాణ్ణి పట్టుకోవాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతైనా ఉండాలి.

టైము కూడా చాలా తక్కువ. సూర్యుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండే రెండు నిమిషాలు పడుతుంది. తల వెనకాల సరిగ్గా కూర్చోబెడదామని నేను అటూ ఇటూ దొర్లేలోపు ఆయన వెళ్ళిపోతాడు. అందులోనూ మదనపల్లె చుట్టూ కొండలు. క్యాలెండర్లో రాసిన సూర్యాస్తమయం కంటే ముందే పొద్దు కొండ చాటుకి పోతుంది. క్యాలెండరుని నమ్ముకుని ఎన్నిసార్లు ఉత్త చేతుల్తో వచ్చానో.

ఇప్పటి ఫోన్లతో ఇంకో చిక్కు. ఇది మన వృత్తివాళ్ళు చేసిన చిక్కే కాబట్టి కాస్త తిట్టనివ్వండి. మనం ఒక్కసారి నొక్కితే ఫోను వరసగా కొన్ని ఫ్రేములు తీసి, అన్నిట్నీ కలిపి, చీకటున్న చోటల్లా వెలుతురు నింపుతుంది. మనిషి మొగం దొరికిందంటే ఇంకా ఉత్సాహం, దాన్ని తెల్లగా తోమి ఇస్తుంది. నీడ అంటే బగ్ అని రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో ఎవరో రాసేసినట్టున్నారు. దానికి మందేమిటంటే, ఆకాశం మీద వేలు కాసేపు నొక్కిపట్టి లాక్ చెయ్యాలి, పక్కన కనపడే సూర్యుడి గుర్తుని కిందికి లాగాలి. హెచ్‌డీఆర్ ఆపే సదుపాయం ఉంటే ముందు దాన్ని ఆపెయ్యండి.

హార్స్‌లీ హిల్స్ మీద గాలిబండ చూసే ఉంటారు. కొండ ఎత్తు 1,265 మీటర్లు. ఆ బండ మీద సాయంత్రం నిలబడితే కింద ఊళ్ళన్నీ పొగమంచులో కలిసిపోయి, వెనకాల ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. గాలి ఎంత గట్టిదంటే ఫోటోలో గాలి కూడా పడుతుంది. ఒక పాప వాళ్ళ నాన్న తువ్వాలు రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని, అది గాలికి ఉబ్బుతుంటే పడవలాగా వెనక్కి వాలింది. వాళ్ళ నాన్నని అడిగి తీశాను, ఆయన నంబరు తీసుకుని ఆయనకే పంపించాను. ఇంకెక్కడా పెట్టలేదు.

పుంగనూరులో తీసిన ఒకదానికి మాత్రం నవ్వొస్తుంది. మా మేనకోడలికి ఆరేళ్ళు. చెరువుకట్ట మీద ఆవు పక్కన నడుస్తున్నప్పుడు తీశాను. ఆఫీసులో ఎవరికి చూపించినా "దూడ భలే ఉందే" అన్నారు. అది దూడ కాదు మహాప్రభో, పుంగనూరు ఆవు! దాని ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. పలమనేరు పరిశోధనా కేంద్రంలో ఈ జాతిని కాపాడుకుంటూ వస్తున్నారు. పాప నెత్తి దాని మూపురం కంటే పైనుంది. రంగులో తీసుంటే మొగం చూసి పెద్ద ఆవని పోల్చుకునేవాళ్ళు. నీడబొమ్మలో వయసు పోతుంది, కొలత కూడా పోతుంది.

ఇంక మొగం సంగతి. పోయినేడాది ఒక ప్లేస్కూలువాళ్ళు (పేరెందుకులెండి) ఇదే మేనకోడలి ఫోటోని నిలువెత్తు ఫ్లెక్సీ వేయించి సర్కిల్లో కట్టారు. 'అడ్మిషన్లు జరుగుచున్నవి'. పాప ఆ స్కూల్లో చదవదు. మా అక్క పుట్టినరోజుకి నెట్లో పెట్టిన ఫోటో అది, అక్కణ్ణుంచి తీసుకున్నారు. బావ పోయి అడిగితే "మీ పాప ఫేమస్ అయింది కదా సార్" అన్నారంట. దించారు, కాదనను. కానీ ఫ్లెక్సీ అంత సులభంగా చావదు కదా. ఆరు నెలలు పోయాక అదే ఫ్లెక్సీ ఒక టీ అంగడికి పైకప్పై తేలింది. తలకిందులుగా. బండిలో పోతుంటే పాపే చూసింది. "నన్నెందుకు మామా అక్కడ అట్లా కట్టినారు?" అనింది. ఏం చెప్పాలి? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అది ఫ్లెక్సీలు కొట్టే షాపుదాకా వచ్చేసరికి మా పాపకి పద్దెనిమిది నిండేలా ఉన్నాయి.

అప్పట్నుంచీ మా ఇంట్లో కట్టుబాటు ఏమిటంటే, పాప మొగం నెట్లోకి పోదు. అక్కకి నా నీడబొమ్మలు నచ్చాయనుకోకండి. "రేపు అది పెద్దదైనాక చూసుకునేదానికి ఈ నల్లబొమ్మలేనా నాయనా?" అని మొహంమీదే అడిగింది. న్యాయమే. అందుకని ఇంటి ఆల్బంకి మొగం, బయటికి నీడ. కొంతమంది పిల్లల మొగం మీద లవ్ సింబల్ అతికించి పెడుతుంటారు చూశారా, అది మాత్రం నాకు అస్సలు పడదు. "నా దగ్గర ఒకటుంది, నీకు చూపించను" అన్నట్టుంటుంది. నీడబొమ్మలో దాచినట్టు ఉండదు. పాప గెంతుతోంది, గెంతడమే కనపడుతోంది. ఇంకేం కావాలి?

యూజీన్ స్మిత్ అని అమెరికన్ ఫోటోగ్రాఫరు. 1945లో ఒకినావా యుద్ధంలో బాగా గాయపడి, చాలాకాలం కెమెరా పట్టుకోలేకపోయాడు. 1946లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు తీసింది తన ఇద్దరు పిల్లల్నే. చీకటి చెట్ల మధ్యనుంచి వెలుతురులోకి నడిచిపోతుంటారు, మనకి వీపులే కనపడతాయి. 1955లో న్యూయార్కులో జరిగిన 'ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ప్రదర్శనలో చివరి ఫోటో అదే. ఆ పిల్లల మొగాలెలా ఉంటాయో ఎవరూ అడగరు.

కుప్పంలో మాత్రం అడిగారు. అక్కడ నా స్నేహితుడి ఊరి బయట గ్రానైటు దిమ్మలు కుప్పలుగా పడుంటాయి. ఒక పిల్లాడు ఒక దిమ్మ మీంచి ఇంకోదాని మీదికి దూకుతున్నాడు, ఒక చేత్తో జారిపోతున్న నిక్కరు పట్టుకుని. అరచెయ్యంత ఖాళీ కూడా వృథా కాని ఫోటో అది. ప్రింటు తీసుకెళ్ళి వాళ్ళమ్మకిచ్చాను. ఆమె పొద్దున్నే రైలెక్కి బెంగుళూరుకి పనికి పోయి రాత్రికి వచ్చే మనిషి. చాలాసేపు చూసి, "మావోడే సార్, నిక్కరు పట్టుకునేది చూస్తే తెలుస్తా ఉండాది. మొగం పడేటట్టు తీసుంటే ఫోన్లో పెట్టుకుని రైల్లో చూసుకుంటా ఉంటాను కదా" అనింది.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. పోటీలకి వచ్చే ఫోటోల్లో పల్లెటూరి పిల్లాడు, సైకిలు టైరు, ఎర్రటి సూర్యుడు.. కింద 'బాల్యం' అని పేరు. ఆ పిల్లాడెవరో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరం లేదన్నట్టు తీస్తారు. మా పాపకి మొగం లేకపోవడం రక్షణ. ఫోన్లో వందల ఫోటోలున్న ఇల్లు మాది కాబట్టి ఒకదాంట్లో మొగం లేకపోయినా పోయేదేం లేదు. ఫోటోలే తక్కువైన ఇంట్లో ఉన్న ఒక్క ప్రింటులోనూ బిడ్డ మొగం నల్లగా ఉంటే అది వేరే సంగతి.

అన్నట్టు ఇదే కుప్పంలో 2002లో హెచ్‌పీ వాళ్ళు ఐ-కమ్యూనిటీ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. అందులో భాగంగా పొదుపు సంఘాల ఆడవాళ్ళకి డిజిటల్ కెమెరా, మోసుకెళ్ళే ప్రింటరు, ఎండతో ఛార్జయ్యే బ్యాటరీ ఇచ్చి ఊళ్ళల్లో ఫోటోలు తీయడం నేర్పించారు. అదే పొద్దు! నేను వాళ్ళ ఊరి ఎండతో పిల్లల మొగాలు మాయం చేస్తున్నాను, ఆ ఆడవాళ్ళు అదే ఎండతో మొగాలు ప్రింటు తీసి చేతికిచ్చారు. ఇప్పుడు బయటివాళ్ళ పిల్లల్ని తీస్తే రెండు ప్రింట్లు తీసుకెళ్తున్నాను. ఒకటి నల్లది, ఒకటి మొగమున్నది. ఆ అమ్మకి రెండోది వాట్సాపులో కూడా పంపించాను.

మా అవ్వకి ఈ గొడవలేవీ లేవు. అన్నిట్నీ తోలుబొమ్మలు అంటుంది. చిన్నప్పుడు తెల్లవార్లూ చూసిన మనిషి. నిజానికి మన తోలుబొమ్మ నీడ నల్లది కాదు. మేక తోలుని పల్చగా గీకి రంగులద్దుతారు, వెనకాల దీపం పెడితే తెర మీద ఎర్రగా పచ్చగా పడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పదితలలు కనపడితే రావణుడు, తోక కనపడితే ఆంజనేయుడు, పోల్చుకోవడానికి అంచులు చాలు. అవ్వ కూడా అంతే. చూపు మందగించినా నా ఫోటోల్లో ఎవరు ఎవరో నిలబడే తీరు చూసి టకటకా చెప్పేస్తుంది.

పోయిన వారం మేనకోడలు స్కిప్పింగ్ ఆడే నీడబొమ్మని పెద్ద సైజు ప్రింటుకి పుంగనూరులో ఒక స్టూడియోకిచ్చాను. సాయంత్రానికి పాప మొగం బూడిదరంగులో, చుక్కలు చుక్కలుగా తేలింది. "శానా డార్కు పడిండాది సార్, డబ్బులేం తీసుకోకుండా సరిచేసినా" అన్నాడు సంతోషంగా. మళ్ళీ నల్లగా వేయించుకునేసరికి అరగంట పట్టింది. వేశాక అతనికే నచ్చింది, అంగడి అద్దంలో ఒక కాపీ పెట్టుకోనా అన్నాడు. పాపని అడిగి చెప్తానన్నాను.

అడిగాను. "పెట్టుకోమను మామా, తలకిందులుగా మాత్రం కట్టొద్దని చెప్పు" అనింది.