ఫాండ్యూ తర్వాత ఏం పెట్టాలి?

స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్‌లో ఒక చీజ్ దుకాణం కౌంటర్ నా ఉద్యోగం. చలి మొదలైందంటే వారాంతాల్లో వచ్చేవాళ్లలో సగం మంది ఫాండ్యూ కోసమే, అంటే కరిగించి రొట్టె ముక్కలు ముంచుకు తినే చీజ్ కోసమే వస్తారు. ఎంతమందికో అడగడం, మనిషికి 200 గ్రాముల చొప్పున తూచడం, తురమడం, పొట్లం కట్టడం చేతికి అలవాటైపోయిన పని. బుర్ర పెట్టాల్సింది డబ్బులు కట్టేటప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నకే. "దీంతో పక్కన ఏం పెట్టాలి? చివర్లో తీపి ఏం చెయ్యాలి? ఖర్చు మరీ పెరగకూడదు."

మా ఊరి ఫాండ్యూలో సగం గ్రూయేర్, సగం వాష్రాన్. గ్రూయేర్ గట్టిది, రుచంతా దానిది. వాష్రాన్ మెత్తనిది, ఆ నునుపు దాని పుణ్యమే. బ్లేడుకి అతుక్కుపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మిషన్లో వేస్తాం. ఈ మిశ్రమం కిలో 20 ఫ్రాంకుల పైమాటే. ఆరుగురు అతిథులంటే కిలో 200 గ్రాములు. విందు లెక్కలో పెద్ద పద్దు ఇక్కడే అయిపోయింది. మిగతా వాటికి జేబు తడుముకోనక్కర్లేదని ధైర్యం చెప్పడమే నా పని. ఇంత కొవ్వూ ఉప్పూ తిన్న నోరు పులుపునీ, చల్లటి పండునీ, వేడి టీనీ కోరుకుంటుంది. అవన్నీ చవకే.

ముందు రొట్టె సంగతి. తాజా రొట్టె కొనొద్దంటాను. నిన్నటిదైతే గట్టిగా ఉండి చీజ్‌లో ముంచినా విడిపోదు. చాలా బేకరీలు దాన్ని తక్కువకే ఇస్తాయి. కొయ్యడంలో ఒక్క కిటుకుంది. ప్రతి ముక్కకీ ఒక పక్క పైపెచ్చు ఉండాలి. ఫోర్కు మెత్తటి వైపు నుంచి దిగి పెచ్చులో పట్టుకోవాలి. అప్పుడు ముక్క గిన్నెలో జారిపోదు. రొట్టె కాస్త తగ్గించి తొక్కతో ఉడికించిన చిన్న బంగాళాదుంపలు పెడితే ఖర్చూ తగ్గుతుంది, కడుపూ నిండుతుంది. ఎండబెట్టిన మాంసం పలుచటి ముక్కల పళ్లెం చూడ్డానికి బాగుంటుంది, బిల్లు చూస్తే బాగుండదు. పైగా ఉప్పు మీద ఉప్పు.

పులుపుకి కీరా పిందెల సీసా ఒకటి చాలు. ఉల్లిపాయలు ఇంట్లోనే ఊరేసుకోవచ్చు. రెండు ఎర్ర ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెనిగర్, వేడినీళ్లు, చెంచాడు పంచదార, ఉప్పు కలిపి పోస్తే గంటకల్లా గులాబీ రంగు తిరుగుతాయి. బెర్న్ నుంచి అప్పుడప్పుడు తెలుగు కుర్రాళ్లు వస్తారు. "అక్కా, ఆవకాయ పెడితే?" అని అడగనివాడు లేడు. "పెట్టుకోండి తమ్ముడూ, కానీ నూనె మీద నూనె అవుతుంది. ఊట ఎక్కువ లేకుండా ముక్క వరకే తియ్యండి" అంటాను. వాళ్లతో ఇంకో మాట కూడా చెప్తాను. గ్రూయేర్ చెయ్యడానికి పాలు గడ్డకట్టించేది దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో. శాకాహారుల్ని పిలిస్తే ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. మందు ముట్టనివాళ్లుంటే చీజ్ కరిగించడానికి పోసే వైన్ బదులు ఆపిల్ రసంలో నిమ్మకాయ పిండి వాడండి. పులుపు లేకపోతే చీజ్ ముద్దలు కడుతుంది.

తాగడానికి? ఫాండ్యూ తింటూ చన్నీళ్లు తాగితే చీజ్ కడుపులో గడ్డకడుతుందని ఇక్కడి పెద్దవాళ్ల నమ్మకం. అందుకే ఫెండాన్ వైనో, పాలు కలపని బ్లాక్ టీయో ఇస్తారు. 2010లో జ్యూరిక్ వైద్యులు 20 మందికి ఫాండ్యూ పెట్టి, ఈ రెండిటినీ పోల్చి చూశారు. వైన్‌తో తిన్నప్పుడు కడుపు ఖాళీ అవడానికి ఎక్కువసేపు పట్టింది. కడుపులో ఇబ్బంది మాత్రం రెండిటికీ ఒకటే. టీ పెట్టినందుకు నామోషీ పడనక్కర్లేదన్నమాట. పెద్ద కూజా నిండా కాచినా టీకి ఎంతవుతుంది?

ఇక తీపి. గ్రూయేర్ ప్రాంతంలో అందరూ ఎగబడేది గుడ్డు తెల్లసొన, పంచదార గిలక్కొట్టి కాల్చిన మెరింగ్, దాని మీద చెంచా నిలబడేంత చిక్కటి డబుల్ క్రీమ్. గొప్ప తీపే, ఇంకో రోజు తినండి. చాక్లెట్ ఫాండ్యూ ఆలోచనా అంతే. అది స్విస్ సంప్రదాయమని చాలామంది అనుకుంటారు. నిజానికి 1960లలో న్యూయార్క్‌లో కొన్రాడ్ ఎగ్లీ అనే స్విస్ హోటలాయన తన రెస్టారెంట్‌లో మొదలుపెట్టింది. ఒకే రాత్రి రెండు సార్లు గిన్నె చుట్టూ కూర్చుని ముంచుకు తినే ఓపిక అతిథులకి ఉండదు.

నేను ఎక్కువగా చెప్పేది నారింజ. చలికాలంలో సంచుల లెక్కన చవగ్గా దొరుకుతాయి. కత్తితో తొక్కా, తెల్లటి పొరా పూర్తిగా చెక్కేసి, చక్రాల్లా కోసి, దాల్చినచెక్క పొడి, చిటికెడు పంచదార చల్లి మధ్యాహ్నమే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికి వాటి రసమే పాకమవుతుంది. మెరింగ్ మీద మనసు చావకపోతే రెండు మెరింగ్‌లు నలిపి పైన వెయ్యండి, క్రీమ్ జోలికి పోకుండా. ఫాండ్యూలోకి కొన్న కిర్ష్ అనే చెర్రీ సారా మిగిలితే డబ్బా అనాసపండు ముక్కల మీద రెండు చెంచాలు పొయ్యండి. కిర్ష్ వేసిన అనాస ఇక్కడివాళ్లకి పాత అలవాటే. పియర్ పళ్లు గట్టిగా ఉంటే చెక్కుతీసి తియ్యటి టీలోనే ఉడికించి చల్లార్చండి. ఏదైనా సరే, చిన్న గిన్నెడు చాలు. గిన్నె అడుగున కరకరలాడే చీజ్ మాడు కోసం పోటీపడ్డాక అంతకంటే ఎవరూ తినలేరు.

వీటిలో ఏది చేసినా కేకు కొన్న ఖర్చులో సగం కూడా అవదు. మిగిలిన ఫ్రాంకులతో మిశ్రమంలో పావు వంతు ఏడాది దాటి మాగిన గ్రూయేర్ వేయించుకోండి. అతిథులు రెండో ముక్కకే తేడా కనిపెడతారు. చీజ్ అమ్ముకునే మనిషి ఇంకేం చెప్తుంది అనుకున్నా సరే, వేయించుకోండి.