‘వండుతుండె’కు ఇంగ్లీషు

గోదావరిఖనిలో సింగరేణి కార్మికుల ఆడపిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్తున్నాను. పాస్ట్ సింపుల్, పాస్ట్ కంటిన్యూయస్ కలిపి నేర్పడానికి ఏ పుస్తకం తెరిచినా ఒకటే ఉదాహరణ: నాన్న వచ్చేసరికి అమ్మ వంట చేస్తూ ఉంది. రావడం నాన్నది, జరిగి ముగిసిపోయింది. వంట అమ్మది, ముగియదు. వ్యాకరణానికీ ఈ సంగతి తెలుసన్నమాట!

మన ‘వండుతుండె’లో అప్పుడు వండుతూ ఉందనీ, రోజూ వండేదనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇంగ్లీషులో వాజ్ కుకింగ్, యూజ్డ్ టు కుక్ అని విడదీయాలి. పిల్లలు తడబడేది అక్కడే.

సొంత వాక్యాలు రాయమన్నాను. “నాన్న సెకండ్ షిఫ్ట్‌కు పోయిండు. అమ్మ ఎదురుచూస్తుండె. రోజూ చూస్తది కద మేడం, ఏది రాయాలె?” అని అడిగింది ఒకమ్మాయి.

2003 జూన్‌లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయిన ఊరిది. ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదని 1952 గనుల చట్టం పెట్టిన నిషేధం 2019లో గానీ, అదీ షరతులతో, సడలలేదు. అన్నేళ్లూ దిగేది మగవాళ్లు, పైన చెవులు రిక్కించుకుని కూర్చునేది ఆడవాళ్లు.

రెండు రూపాలూ రాసి చూడమన్నాను. రాసింది. కాసేపటికి యూజ్డ్ టు ఉన్న వాక్యం కొట్టేసింది.

“ఇదంటే ఇప్పుడు మానేసినట్టు కద మేడం. అమ్మ ఇంకా చూస్తనే ఉన్నది.”