పండ్ల ఈగ చెప్పిన పాఠము



2012 జూలై 4న జెనీవా దగ్గర సెర్న్ అను పరిశోధనా కేంద్రములో హిగ్స్ బోసాన్ అనే కణము కనబడినదని ప్రకటించారు. పత్రికలు దానిని ‘దైవకణము’ అని రాశాయి. ఆ తరువాతి ఆదివారము గడ్డిఅన్నారంలోని మా చిన్న సంఘములో మేము బల్ల గుద్ది ప్రసంగించాము. దేవుణ్ణి యంత్రములో పట్టుకొనజూస్తున్నారనీ, ఇది మరియొక బాబేలు గోపురమనీ అన్నాము. ఆమెన్‌లు గట్టిగానే వినబడ్డాయి.

మూడవ వరుసలో ఒక అమ్మాయి మాత్రము తల వంచుకొన్నది. ఇంటరు పాసై, డిగ్రీలో ఫిజిక్స్ చదవాలని ఆశపడుతున్న బిడ్డ. తండ్రి పండ్ల మార్కెట్టులో హమాలీ. మరునాడే ఆయన మా యింటికి వచ్చాడు.

“అయ్యగారూ, మీ మాట విన్నాక ఆ చదువు మాన్పిద్దామనుకుంటున్న. బిడ్డ దేవునికి దూరమైతే ఎట్ల?” అన్నాడు.

మా గుండె ఝల్లుమన్నది. థియాలజీ డిప్లొమాలో హెబ్రీ, గ్రీకు కొంత నేర్చుకొన్నాము గాని, మా ఫిజిక్స్ పదవ తరగతితో ఆగిపోయినది. ఆ కణమును గూర్చి మాకు తెలిసినది పత్రిక శీర్షిక ఒక్కటే. “రేపు బిడ్డను తీసుకొని రండి, ముందు మేమే ఆమెను అడగాలి” అన్నాము.

ఆమె నోటుబుక్కు తెచ్చుకొని వచ్చినది. మొదట భయపడినా, మెల్లగా చెప్పసాగినది. ‘దైవకణము’ అన్న పేరు లియోన్ లెడర్‌మన్ అనే శాస్త్రజ్ఞుని 1993 నాటి పుస్తకముతో వ్యాపించినదట. చాలామంది శాస్త్రజ్ఞులకు ఆ పేరు నచ్చదట. కొన్ని మూలకణములకు ద్రవ్యరాశి ఎలా కలిగినదో వివరించుటకు 1964లో కొందరు ఒక లెక్క వేశారు. ఆ లెక్క నిజమేనని చూపే గుర్తు 48 ఏండ్ల తరువాత దొరికినది. ‘బోసాన్’ అన్న మాట మన సత్యేంద్రనాథ్ బోసుగారి పేరున వచ్చినదే.

“చెయ్యి చాపండి అయ్యగారూ” అన్నది. చాపాము. ఆకాశము నుండి వచ్చే మ్యువాన్ అనే కణములు ఆ అరచేతి గుండా సెకనుకు సుమారు ఒకటి చొప్పున దూసుకుపోతున్నవట. సూర్యుని నుండి వచ్చే న్యూట్రినోలైతే గోరంత చోటులో సెకనుకు ఆరువేల కోట్లు! వాతావరణములో పుట్టే న్యూట్రినోల జాడను 1965లో మొదటగా పట్టిన చోట్లలో కోలారు బంగారు గనులు ఒకటి. తెలుగు, తమిళ కూలీలు తరతరాలుగా పనిచేసిన ఆ గనులలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టారు. (ఆ గనులు 2001లో మూతబడ్డాయి.)

అంతవరకు మౌనముగా ఉన్న తండ్రి, “అయితే కూలోళ్ళ కష్టం గూడ అండ్ల ఉన్నదా బిడ్డా?” అని అడిగాడు.

“ఉంది నాన్నా. మీ మార్కెట్ల ఈగలు గూడ ఉన్నయి” అన్నది. కుళ్ళిన పండ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగల మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి, అవి వంశపారంపర్య లక్షణములను మార్చగలవని 1927లో ముల్లర్ అనే ఆయన చూపాడట. అంతకు ముందు మోర్గాన్ అనే ఆయన ఈ ఈగలనే సీసాలలో పెంచి జన్యువుల సంగతి కనుగొన్నాడు. మనకు దగ్గరలోనే, ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలోనూ వీటి మీద పరిశోధన జరుగుతున్నది. తరువాత 2017లో, ఈగలోని నిద్రా మెలకువల గడియారమును విప్పి చూపిన ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చినది.

తండ్రి చాలాసేపు నవ్వాడు. “ముప్పై ఏండ్ల సంది వాటిని తోలుతనే ఉన్న” అన్నాడు.

తరువాతి ఆదివారము అదే బల్ల దగ్గర నిలబడి మా తప్పు ఒప్పుకొన్నాము. కొందరు పెద్దలకు నచ్చలేదు. కాపరి తగ్గితే సంఘము చులకన చేస్తుందన్నారు. కాని మాకు ఒక సంగతి తేటగా తెలిసినది. పొరుగువానిని గూర్చి అబద్ధ సాక్ష్యము పలుకకూడదు గదా! శాస్త్రజ్ఞుడును మన పొరుగువాడే. అతడు అనని మాటను అతని నోట పెట్టి, దానిని ఖండించి, ఆమెన్‌లు రాబట్టుకొన్నాము. ఇంచుమించు ఒక బిడ్డ చదువును బలిపెట్టాము.

పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయినది. ఆ తండ్రి మూటలు మోయడము మానివేశాడు. కుమార్తె ఎమ్మెస్సీ ముగించి జూనియరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పుచున్నది. “నీకు సందేహములు రావా తల్లీ?” అని ఒకసారి అడిగాము.

“వస్తాయి అయ్యగారూ. కాని వచ్చినప్పుడు మందిరానికి రావడానికి భయం లేదు” అన్నది.

తలిదండ్రులారా, మీ బిడ్డ మీకు అర్థము కాని పుస్తకమును ఇంటికి తెచ్చినప్పుడు కోపపడకండి. పక్కన కూర్చుండి, ఇదేమిటో చెప్పమని అడగండి. మేము ఆ పని ఒక వారము ఆలస్యముగా చేశాము.