వెనక్కి తిరిగే ప్లాను

మన సాఫ్ట్‌వేరు జనాలు నలుగురు కలిసి ఎక్కడికన్నా వెళ్దామనుకుంటే ముందుగా పుట్టేది ఓ స్ప్రెడ్‌షీటు. బిర్యానీ ఎవరు, ఐసు ఎవరు, స్పీకరు ఎవరు, తలకెంత పడుతుంది... రంగులు కూడా వేస్తాం. ఈ అక్టోబరు చివర్లో మేం నలుగురం ఆస్టిన్ నుంచి పాడ్రే ఐలండ్ వెళ్ళి, రెండు రాత్రులు బీచిలో గుడారాలేసుకుని, కయాకుల్లో చేపలు పడదామనుకుంటున్నాం. మా షీటులో ఇప్పటికి 64 వరసలున్నాయి. 60 వరసలు సామాను గురించే. మిగతా నాలుగూ వెనక్కి తిరగడం గురించి. నా మటుకు అసలు ప్లానంటే ఆ నాలుగే. ఎందుకో చెప్పడానికే ఈ సోదంతా.

ముందు ఆ చోటు సంగతి. పాడ్రే అనగానే చాలామందికి స్ప్రింగ్‌బ్రేక్ గోలతో ఊగిపోయే సౌత్ పాడ్రే గుర్తొస్తుంది. ఇది అది కాదు. కార్పస్ క్రిస్టీ పక్కనుండే పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్. సుమారు 70 మైళ్ళ పొడవున ఇల్లూ వాకిలీ లేని ఇసుక దీవి. తారు రోడ్డు అయిపోయాక బీచి మీదే బండి నడపాలి. టెక్సస్ చట్టం ప్రకారం ఆ ఇసుక కూడా రోడ్డే. సీటు బెల్టు పెట్టుకోవాల్సిందే. మొదటి 5 మైళ్ళు మామూలు కార్లు కూడా పోతాయి. అది దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి. అలా సుమారు 60 మైళ్ళు పోతే మాన్స్‌ఫీల్డ్ కాలువ అడ్డమొస్తుంది. వంతెన లేదు. వచ్చిన దారినే తిరిగి రావాలి.

ఆ దారిలో మంచినీళ్ళు లేవు, పెట్రోలు లేదు, కొంత దూరం పోయాక ఫోను సిగ్నలూ ఉండదు. మధ్యలో లిటిల్ షెల్, బిగ్ షెల్ అని రెండు బీచిలున్నాయి. పేరుకు తగ్గట్టే ఇసుకకి బదులు గవ్వల పొడి. టైర్లలో గాలి సగానికి దించకపోతే బండి కూరుకుపోతుంది. కూరుకుంటే లాగడానికొచ్చే ప్రైవేటు బండివాడి బిల్లు చూసి మన నెల బడ్జెట్టు కూడా కూరుకుపోతుంది. అందుకే 12వ వరసలో గాలి దించే గేజీ, 13వ వరసలో మళ్ళీ ఎక్కించే కంప్రెసరు, 14వ వరసలో పార.

సరే, ఇదంతా సామాను. డబ్బు పెడితే వస్తుంది. తేలనిది వేరే ఉంది.

ఈ దీవికి రెండు పక్కలా నీళ్ళే. తూర్పున గల్ఫ్ సముద్రం, పడమర లగూనా మాద్రే అనే ఉప్పు కయ్య. మంచినీళ్ళు తెచ్చే నదులు పెద్దగా కలవవు, ఎండకి నీరు ఆవిరైపోతుంది. అందుకని అది సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది. చాలాచోట్ల నడుం లోతే. అడుగున గడ్డి, ఆ గడ్డిలో రెడ్‌ఫిష్, బ్లాక్ డ్రమ్. కయాకు మీద చేపలు పట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. కాకపోతే దాంట్లోకి కయాకు దింపాలంటే బర్డ్ ఐలండ్ బేసిన్‌కి పోవాలి. అది ఉత్తరాన, పార్కు ప్రవేశద్వారానికి దగ్గర్లో ఉంది. దక్షిణాన 20వ మైలు దగ్గర గుడారం వేసి, ఇసుక తిన్నెల మీదుగా కయాకు మోసుకెళ్ళి లగూనాలో దింపుతామంటే కుదరదు.

మా గొడవంతా ఇక్కడే. మా నలుగురిలో ఒకడికి యూట్యూబు పిచ్చి. గుడారం ముందునుంచే గల్ఫ్‌లోకి కయాకు తోసి, అలల అవతలకి పోయి సొరచేపకి ఎర వేద్దామంటాడు. "లైఫ్ జాకెట్ వేసుకుంటాంగా, ఏమవుద్దిరా?" అని వాడి వాదన. లైఫ్ జాకెట్ మనల్ని తేలేలా చేస్తుంది, ఒడ్డుకి తీసుకురాదు అని నా వాదన.

అక్టోబరు చివర మంచి కాలమే. ఎండ తగ్గుతుంది, పెద్ద రెడ్‌ఫిష్ ఒడ్డు దగ్గరకొస్తాయి, ఏప్రిల్ నుంచి జులై మధ్యదాకా అక్కడ గుడ్లు పెట్టే కెంప్స్ రిడ్లీ తాబేళ్ళకి అడ్డుపడే బాధా ఉండదు. కానీ ఉత్తరం నుంచి చలిగాలులు మొదలయ్యేదీ అప్పుడే. పొద్దున ఆగ్నేయం నుంచి మెల్లగా వీచే గాలి, ఫ్రంటు రాగానే నిమిషాల్లో ఉత్తరానికి తిరిగి ఊపందుకుంటుంది. ఆ గాలి వాయవ్యానికి తిరిగిందంటే నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. అందులో మోసం ఏంటంటే, అప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. అలలు అణిగిపోతాయి. ఇంతకన్నా మంచి రోజు దొరకదనిపిస్తుంది. 300 గజాలు లోపలికి పోయాక తెలుస్తుంది, తెడ్డు వెయ్యకుండానే కయాకు ముందుకెళ్తోందని. తిరిగి రావాలంటే గాలికి ఎదురు తొయ్యాలి. వారమంతా కుర్చీలో కూచుని కీబోర్డు కొట్టే భుజాలు ఎంతసేపు తోస్తాయి? లగూనాలో కూడా ఉత్తరపు గాలి లెక్కచెయ్యాల్సిందే. పొడుగాటి నీళ్ళ మీద గాలి పరిగెత్తి, లోతు లేనిచోట పొట్టి నిటారు అలల్ని లేపుతుంది. ఒక్క తేడా ఏంటంటే, అక్కడ తిరగబడితే చాలాచోట్ల కాళ్ళకి నేల తగులుతుంది.

చిన్నప్పుడు ఉప్పాడలో చూసేవాణ్ణి. తెప్ప తొయ్యడానికొచ్చిన వేటగాళ్ళు ఇసుకలో కూచుని, చుట్ట కాలుస్తూ కెరటాల్ని చూస్తుండేవాళ్ళు. ఒక్కోసారి అరగంట చూసి, ఏమీ మాట్లాడుకోకుండా లేచి ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళని పిరికివాళ్ళని అనే మొనగాడు ఊళ్ళో లేడు. పూట గడవాలంటే సముద్రంలోకి పోవాల్సిన మనుషులే అలా వెనక్కి తిరిగితే, సరదాకి పోయే మనకెందుకు నామోషీ? నాకర్థమైనంతవరకూ మన చిక్కు ధైర్యం ఎక్కువై కాదు, మొహమాటం ఎక్కువై. సెలవు పెట్టాం, కయాకులు అద్దెకి తీసుకున్నాం, నాలుగ్గంటలు డ్రైవ్ చేసి వచ్చాం, ఇప్పుడు వద్దంటే అందరి మూడూ పాడుచేసినవాణ్ణవుతాను... అని ఎవరికివాళ్ళు నోరు మూసుకుంటారు. నలుగురికీ లోపల భయమే, నలుగురూ నీళ్ళలోనే.

అమెరికాలో చెరువులోనో జలపాతం దగ్గరో మునిగిపోయిన తెలుగు కుర్రాళ్ళ వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. ఆ తర్వాత దేహాన్ని ఇంటికి పంపడానికి విరాళాల లింకు వస్తుంది. మనమూ ఎంతో కొంత కొట్టి, ఓ నిట్టూర్పు విడిచి, పనిలో పడతాం. మా నలుగురిలో ఇద్దరికి ఈత రాదు. అందులో ఒకడికి రెండేళ్ళ పాప.

ఇంతకీ మా షీటులోని అతి ముఖ్యమైన ప్రశ్న మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు. మా ఆవిడ అడిగింది. "ఆదివారం రాత్రికి మీరు రాకపోతే నేనెప్పుడు, ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని. ప్రొడక్షన్‌లో సర్వరు పడిపోతే ఎవర్ని లేపాలో మూడు అంచెలు రాసుకునే మేధావులం, మనిషి పడిపోతే ఏంటో రాసుకోలేదు. వెతికితే తెలిసింది, దీనికి ఫ్లోట్ ప్లాన్ అని ఓ పద్ధతే ఉంది. ఎవరెవరు, ఏ రంగు కయాకు, ఎక్కడ దిగుతాం, ఎన్నింటికి తిరిగొస్తాం అని రాసి ఒడ్డునున్న మనిషికివ్వాలి. కోస్ట్‌గార్డ్ దాన్ని దాచిపెట్టుకోదు, మన మనిషే ఉంచుకుని, వేళ దాటితే వాళ్ళకి చెప్పాలి. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అతికించబోతున్నాం.

అలా పుట్టినవే ఆ నాలుగు వరసలు. ఒకటి: గాలి గంటకి 15 మైళ్ళు దాటినా, 24 గంటల్లో ఫ్రంటు ఉందని వాతావరణశాఖ చెప్పినా, కయాకులు బండి మీదనుంచి దిగవు, గుడారం 5 మైళ్ళు దాటి పోదు. రెండు: మధ్యాహ్నం 3 గంటలకి ఎక్కడుంటే అక్కడే గుడారం. చీకట్లో ఇసుకలో డ్రైవింగు లేదు. మూడు: కయాకు లగూనాలోనే. గల్ఫ్‌లో ఒడ్డున నిలబడి గాలం వేసుకోవడమే. నాలుగు: నలుగురిలో ఏ ఒక్కడు వద్దన్నా అందరం ఆగిపోతాం. కారణం అడక్కూడదు, తర్వాత ఎగతాళి చెయ్యకూడదు.

మా యూట్యూబు వీరుడు మూడోదానికి రెండురోజులు అలిగాడు. నాలుగోది చదివాక మాత్రం ఈత రానివాళ్ళలో ఒకడు నాకు విడిగా మెసేజి పెట్టాడు. "థాంక్స్ రా, ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నా" అని. ఆ ఒక్క వాక్యం కోసం మిగతా 60 వరసలూ తీసి పారెయ్యొచ్చు.

పారెయ్యంలెండి. తలకి రోజుకో గాలను మంచినీళ్ళు, ఉప్పునీటి ఎండార్స్‌మెంటుతో సహా ఫిషింగ్ లైసెన్సు, 20 నుంచి 28 అంగుళాల మధ్యుంటేనే రెడ్‌ఫిష్ ఉంచుకోవచ్చు కాబట్టి ఓ కొలబద్ద. లగూనాలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వెయ్యకూడదు, ఈడ్చాలి. ఇసుకలో దాక్కున్న టేకు చేప ఆ కదలికకి పక్కకి తప్పుకుంటుంది. గాలానికి జెల్ల పడితే ఉత్తచేతుల్తో పట్టుకోకూడదు. మన జెల్లలాగే దీనికీ ముల్లుంది, విషమూ ఉంది. వచ్చే శనివారం ట్రావిస్ చెరువులో జాకెట్లేసుకుని, కావాలనే కయాకు తిరగేసి మళ్ళీ ఎక్కడం ప్రాక్టీసు. ఎక్కలేనివాడు ఆ ట్రిప్పులో వంటవాడు.

ఫ్రంటు వస్తే పార్కు మొదట్లోనే ఉన్న మలాకీట్ క్యాంప్‌గ్రౌండులో పడుకుని, చేపలు కార్పస్‌లో కొనుక్కొచ్చి పులుసు పెట్టుకుంటాం. దానిక్కావల్సిన చింతపండు 41వ వరసలో ఉంది.