రెండు కన్నాల్లోనూ వెలిగిన టెస్టర్

నెగడు దగ్గరికి కొంచెం జరగండి, మీకూ చోటుంది. ములకలపల్లి దాటాక అడవి అంచు ఊళ్లలో మార్గశిరం చలి ఎట్లా ఉంటుందో ఖమ్మం పట్నంలో కూచున్నవాళ్లకు చెప్పినా నమ్మరు. మొన్న మా మేనత్త ఇంట్లో ఉన్నాను. రాత్రి ఏడింటికి లైట్లన్నీ ఒక్క దెబ్బకు ఆరిపోయాయి. పక్కింట్లో మాత్రం శుభ్రంగా వెలుగుతున్నాయి.

అత్తయ్య మనవడు ఐటీఐ మొదటి సంవత్సరం. ఇంకేం, టెస్టర్ తీసుకుని ప్లగ్గు ముందు బాసింపట్టు వేశాడు. కుడి కన్నంలో పెడితే వెలిగింది. ఎడమ కన్నంలో పెట్టినా వెలిగింది. "మామా, డబుల్ కరెంటు వస్తోంది!" అని అరిచాడు. డబుల్ వస్తే ఒక్క బల్బయినా వెలగదేమని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గర మటుకు ఉందా!

పక్కింటి పెద్దయ్య రిటైరైన లైన్‌మన్. మంట దగ్గర నుంచి లేవకుండానే, "స్విచ్చులన్నీ బంద్ పెట్టి మళ్లీ చూడు బిడ్డా" అన్నాడు. పెట్టి చూస్తే ఎడమ కన్నంలో వెలుగు మాయం. "ఇంకేముంది, న్యూట్రల్ పోయింది" అన్నాడు పెద్దయ్య.

సంగతేమిటంటే, ఫేజులో వచ్చిన కరెంటు బల్బులోంచి, ఫ్యానులోంచి వెళ్లి న్యూట్రల్ దారిన తిరిగిపోవాలి. ఆ దారి ఎక్కడో తెగింది. కిన్నెరసాని కాలువకు చివర తూము మూసేస్తే నీళ్లు పారవు గానీ, కాలువ నిండా నిలబడి ఉంటాయి కదా, అట్లాగన్నమాట. ఆన్‌లో ఉన్న బల్బుల గుండా వచ్చి, మనం ఏమీ ఉండదనుకునే న్యూట్రల్ తీగలో 230 వోల్టులు కాచుకుని కూచున్నాయి. లైట్లు వెలగడం లేదు కదా అని ఎవరైనా ఆ తీగను పట్టుకుంటే, తెగిన దారికి వాళ్లే వంతెన.

పిల్లవాడి చేతిలో టెస్టర్‌ను పెద్దయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో ఉండేది చిన్న నియాన్ బల్బు, దానికి తోడు పది లక్షల ఓముల దరిదాపుల్లో ఒక రెసిస్టర్. ఆంపియర్‌లో వెయ్యో వంతు కూడా లేని కరెంటు మన వేలిలోంచి, ఒంట్లోంచి నేలకు పోతేనే అది వెలుగుతుంది. అంటే పరీక్షలో మనమూ ఒక తీగ ముక్కే. ఇక్కడే నాకు గుండె ఝల్లుమంది. షాక్ కొట్టకుండా మనం ఏం చేస్తాం? కర్రపీట ఎక్కుతాం, రబ్బరు చెప్పులు వేసుకుంటాం. ఆ జాగ్రత్త వల్లే టెస్టర్ మసకబారుతుంది. పట్టపగలు ఎండలో ఆ మసక కంటికి ఆనదు. వెలగలేదు కదా అని తీగ మీద చెయ్యి వేస్తాం. ఇన్నేళ్లూ నేను చేసింది అదే. ఎట్లా బతికానో రామయ్యకే తెలియాలి.

"చచ్చిన టెస్టరూ, చచ్చిన తీగా ఒకే మాట చెప్తాయి బిడ్డా" అన్నాడు పెద్దయ్య. అందుకని ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి టెస్టర్ బతికుందో లేదో చూడాలి. తరవాత అసలు తీగ మీద పెట్టాలి. మళ్లీ వెనక్కి పోయి ఆ తెలిసిన చోటే పెట్టాలి, మధ్యలో అది చచ్చి ఉండొచ్చు గనక. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ కట్టేశాక కూడా వెనక దారిన కరెంటు వస్తుంది, దాన్నీ ఆపాలి.

టెస్టర్ కన్నా మల్టీమీటరు మంచిది కదా అంటారా? మంచిదే. కాకపోతే దానికి దయ్యాలు కనపడతాయి. ఎక్కడా కలపని ఉత్త తీగ, కరెంటున్న తీగ పక్కనే పైపులో పరుచుకుని ఉంటే చాలు, డిజిటల్ మీటరు అరవయ్యో డెబ్బయ్యో వోల్టులు చూపిస్తుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు హోల్డరుకు రెండు తీగలు కలిపి, ఆ టెస్ట్ బల్బును అక్కడ పెడితే ఆ దయ్యం ఆవిరి. ఉత్త తీగకు బల్బును వెలిగించే సత్తా ఉండదు. (ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ ఆపినా రాత్రిళ్లు మిణుకుమిణుకుమనే ఎల్‌ఈడీలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి, చాలాసార్లు అదీ ఈ దయ్యం పనే.) టెస్ట్ బల్బు తీగల కొసలు మాత్రం బోసిగా వదలకండి. బయటికి కనపడే లోహం గోరంతకు మించకూడదు.

సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్లు కలిపి పాల్వంచలో 1966 నుంచీ కరెంటు పుట్టిస్తున్న నేల ఇది. ఆ కరెంటుకు ఈ అడవిలో ఇంకో చెడ్డ వాడకం కూడా ఉంది. అడవి పందుల కోసం లైనుకు కొక్కెం తగిలించి, పొదల్లో బోసి తీగ పరుస్తారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను అట్లాంటి తీగకే బలయ్యాడు. కింద పడి ఉన్న తీగ దగ్గర ఏ టెస్టర్ పాండిత్యమూ వద్దు. దూరంగా నిలబడి, ఎవరినీ అటు పోనీకుండా, 1912కు ఫోన్ చేయడమే.

అత్తయ్య ఇంటి రోగం స్తంభం దగ్గర తేలింది. కోతులు సర్వీసు వైరు పట్టుకు ఊగి ఊగి న్యూట్రల్ జాయింటును ఊడదీశాయి. అది మన చెయ్యి పెట్టే చోటు కాదు గనక ఆ రాత్రి కిరసనాయిలు దీపంతోనే గడిపాం.

పొద్దున లైన్‌మన్ బండి మీద వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను ఆపే ఏబీ స్విచ్ దించి, నిచ్చెన వేసి, జేబులోంచి టెస్టర్ తీశాడు. కింద నుంచి మా ఐటీఐ వాడు గొంతు చించుకున్నాడు:

"అన్నా, స్విచ్ దించకముందు దాన్ని ఎక్కడన్నా పెట్టి చూసినవా?"

నిచ్చెన సగంలో లైన్‌మన్ ఆగాడు. ఒక క్షణం టెస్టర్ వంకా, ఒక క్షణం పిల్లవాడి వంకా చూశాడు. మెల్లగా దిగి, ఇంకా కరెంటున్న పై వీధి వైపు నడిచాడు.