అక్క వేరు చూసింది, నేను ఫోన్ చూశాను

మూడేళ్ల క్రితం జూలైలో రెండు రోజులు ముసురు పట్టి వదిలాక, మా అపార్ట్‌మెంట్ లాన్‌లో తెల్లటి గొడుగులు లేచాయి. ఒక్కోటీ పూరీ అంత. ఆఫీసుకు బయల్దేరుతుంటే వాచ్‌మన్ భార్య వాటి దగ్గర గొంతుక్కూర్చుని కనిపించింది. నేను అక్కా అని పిలుస్తాను. వాళ్లది నల్లమల వైపు ఊరు.

"సార్, మా ఊర్ల ఇవి పుట్ట మీద లేస్తయ్. పీకితే మూరెడు వేరొస్తది. వీటికి వేరే లేదు. తినొచ్చంటరా?" అని అడిగింది.

నేను ఫోన్ తీశాను. ఒక యాప్‌లో ఫొటో పెడితే క్షణంలో పేరు వచ్చింది. పక్కనే 92 శాతం అని పచ్చరంగులో అంకె. ఆ పేరు వెతికితే 'తినదగినది' అని ఉంది. "తినొచ్చక్కా, మంచి రకమే" అనేసి క్యాబ్ ఎక్కాను. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మధ్యాహ్నం మూడింటికి అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్. వాచ్‌మన్ ఇంట్లో ముగ్గురికీ వాంతులు, విరేచనాలు. ఆరేళ్ల పిల్లాడు లేవలేకపోతున్నాడట. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి వాడికి సెలైన్ ఎక్కుతోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. డాక్టర్ "ఏం తిన్నారు?" అని అడిగితే అక్క నా వైపు చూసింది. నా పేరు మాత్రం చెప్పలేదు. నేనే చెప్పాను.

మర్నాటికి ముగ్గురూ కోలుకున్నారు. నేను మాత్రం చాలా రోజులు గేటు దగ్గర తలెత్తి నడవలేకపోయాను.

నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్. ఆ 92 శాతం అంటే ఏమిటో నాకు తెలిసి ఉండాలి. తను నేర్చుకున్న బొమ్మల్లో ఈ ఫొటో దేనికి దగ్గరగా ఉందో యాప్ చెబుతుంది, అంతే. తింటే ఏమవుతుందో చెప్పదు. వేరు ఉందా, దేని మీద మొలిచింది, అడుగున రంగేమిటి అని నన్ను అడగలేదు. అక్క అడిగింది. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఫోన్ చూపించింది నేనే.

లాన్‌లో ఇంకా నాలుగు మిగిలాయి. ఒకటి కోసి తెచ్చాను. ఎక్కడో చదివినట్టు, కాడ తీసేసి, గొడుగును సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూసి పెట్టాను. పొద్దున తీస్తే కాగితం మీద గొడుగు అడుగు భాగం అచ్చు పడింది. రాలిన విత్తు, అంటే స్పోర్లు, పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ రంగే దాని గుర్తింపు కార్డు. పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. వానాకాలం పచ్చిక బయళ్లలో తరచూ కనిపించే విషపు గొడుగు ఇది. లేతగా ఉన్నప్పుడు దీని అడుగు రెక్కలు తెల్లగానే ఉంటాయి. అందుకే తినే రకాల్లో కలిసిపోతుంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపు తిప్పేస్తుంది. వండితే విషం పోతుందని నమ్మడానికి లేదు.

అలా మొదలైంది నా పిచ్చి. ఇప్పుడు మేం ఆరుగురం. ఒక టీచరమ్మ, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు కాలేజీ పిల్లలు, నాలాంటి వాడు ఇంకొకడు. వానాకాలం ఆదివారాలు తెల్లారేసరికి కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లోనో, ఏదో ఒక కాలనీ పార్కులోనో తలలు వంచుకుని తిరుగుతుంటాం. వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన ఒకసారి ఆగి "ఏం పోయింది బాబూ?" అని మాతోపాటు వెతకడం మొదలుపెట్టాడు కూడా.

నగరంలో ఏం దొరుకుతాయి అనుకోకండి. ఎండు కొమ్మల మీద చిన్న విసనకర్రల్లా ఉండే షైజోఫిల్లమ్ ఎండకు ముడుచుకుని, వాన పడగానే మళ్లీ విచ్చుకుంటుంది. పూలకుండీల్లో పసుపు ముద్దలాంటి గొడుగులు రాత్రికి రాత్రి లేస్తాయి. పిచ్చుక గూడంత కూడా కాదు, గోరంత గూట్లో గుడ్లు పెట్టినట్టుండే రకం ఒకటి ఉంది. వాన చినుకు పడితే ఆ 'గుడ్లు' ఎగిరి అవతల పడతాయి. విత్తనాలు చల్లుకునే పద్ధతి అది. గుల్‌మొహర్ మొదట్లో చెక్కబల్లలా గానోడెర్మా కనిపిస్తే మాత్రం సంబరపడం. లోపల వేరు కుళ్లుతోందని అర్థం. అలాంటి చెట్టు గాలివానకు కార్ల మీద పడొచ్చు. కిందటేడు ఒకచోట అసోసియేషన్ వాళ్లకు చెప్పి కొమ్మలు తేలిక చేయించాం.

మా పద్ధతి సింపుల్. పైన, అడుగున, కాడ మొదలు, అది మొలిచిన చోటు, నాలుగు ఫొటోలు. వాసన. అవసరమైతే ఒక్కటి కోసి రంగు అచ్చు. జాతి దాకా తెలిస్తే గొప్ప, చాలాసార్లు అంతకంటే ముందే ఆగిపోతాం. మా నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు కనిపించే మాట 'తెలియదు'. ఆఫీసు మీటింగుల్లో నేను ఈ మాట ఒక్కసారీ అనలేదు. ఇక్కడ అనడం అలవాటైంది.

ఇంకో నియమం ఉంది. తినొచ్చా అని ఎవరు ఫొటో పంపినా జవాబు "వద్దు" ఒక్కటే. పురుగు తింటే మనమూ తినొచ్చు, వెల్లుల్లి వేస్తే విషం ఉన్నది నల్లబడుతుంది లాంటివేవీ నమ్మకండి. ప్రాణం తీసే కొన్ని రకాలు ఆరేడు గంటల దాకా ఏ లక్షణమూ చూపించవు. తర్వాత తగ్గినట్టే తగ్గి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పొరపాటున తింటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. మిగిలిన ముక్క కూడా పట్టుకెళ్లండి.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒకటుంది. అక్క చెప్పిన 'మూరెడు వేరు' చాదస్తం కాదు. ఆమె ఊళ్లో తినేది టెర్మిటోమైసిస్. చెదపురుగులు పుట్ట లోపల నమిలిన ఆకూ పుల్లా పేర్చి, దాని మీద ఈ ఫంగస్‌ను పెంచుకుంటాయి. గొడుగు పైకి రావాలంటే ఆ లోతు నుంచి రావాలి కాబట్టి అంత పొడుగు వేరు. మనం చిప్ప పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు షెడ్లలో పెంచగలం. వీటిని అలా పెంచలేం, చెదలకే ఆ విద్య తెలుసు. మన భాష మొదటి నుంచీ ఆ సంగతి చెబుతూనే ఉంది. పుట్ట మీది గొడుగు కాబట్టే పుట్టగొడుగు. పనికిరాని వాటికి కుక్కగొడుగులని వేరే పేరే పెట్టారు మనవాళ్లు.

కిందటి నెల అక్క ఊరికి వెళ్లొచ్చింది. సాయంత్రం స్టీలు డబ్బా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మూత తీస్తే కారం, ధనియాల ఘుమఘుమ. వెనకాల ఆ పిల్లాడు, ఇప్పుడు మూడో తరగతి, వండకుండా దాచి తెచ్చిన ఒక గొడుగు పట్టుకున్నాడు. దాని వేరు నిజంగానే వాడి మోచేయి దాటింది.

"తింటరా సార్? లేకుంటె ఫోన్ల చూసుకుంటరా?" అంది నవ్వకుండా.

ఫోన్ లోపల చార్జింగ్‌లో ఉంది. నేను కంచం తెచ్చుకున్నాను.