పగిలిన టైల్స్‌తో మా మోతి

మేము కామారెడ్డిలో ఉంటాం. మా అమ్మాయి ఐదో తరగతి చదువుతోంది. మా సొంత ఇల్లు ఎల్లారెడ్డిలో ఉంది. అక్కడ మా బాపు ఒక్కరే ఉంటారు. మొన్నటి వరకు ఆయనకు తోడు మోతి అనే నాటు కుక్క. మా అమ్మాయి నడక నేర్చుకున్న ఏడాదే అది వానకు తడిసి మా అరుగు మీదికి చేరింది. ఇద్దరూ కలిసే పెరిగారు.

పోయిన చలికాలంలో మోతి ముసలిదై చనిపోయింది. బాపు దాన్ని పొలం గట్టున వేపచెట్టు కింద పూడ్చిపెట్టారు. ఫోన్ వచ్చిన సాయంత్రమే మా అమ్మాయికి చెప్పాం. ఏడవలేదు. "సరే" అని హోంవర్క్ ముందేసుకుంది. ఆ తర్వాత ఎల్లారెడ్డి ప్రయాణం అనగానే ఏదో ఒక సాకు చెప్పేది. మోతి పేరు ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోయేది. ఇంకో కుక్కపిల్లను తెమ్మని కొందరు సలహా ఇచ్చారు. మాకు మనసొప్పలేదు.

దారి చూపింది బాపే. ఆయన చాలా ఏళ్లు మేస్త్రీ పని చేశారు. పెరట్లో మిగిలిన, పగిలిన టైల్స్ కుప్ప ఎప్పుడూ ఉంటుంది. "గా ముక్కలతోని మోతి బొమ్మ చేద్దాం. నాకు రంగులు సక్కగ అగుపిస్తలేవు, బిడ్డనే చెప్పాలె. తోలుకరా" అన్నారు. తాతకు సాయం కావాలి అనేసరికి మా అమ్మాయి బయల్దేరింది.

ముక్కలతో బొమ్మ చేయడం కొత్త విద్య కాదు. ఇటలీలోని పాంపే నగరం క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయింది. అక్కడ తవ్వకాల్లో బయటపడిన ఒక ఇంటి గుమ్మంలో, గొలుసుతో కట్టేసిన కుక్క బొమ్మ చిన్న చిన్న ముక్కలతో పేర్చి ఉంది. కింద లాటిన్‌లో 'కుక్క ఉంది జాగ్రత్త' అని రాసి ఉంది. మన గేట్ల మీది బోర్డు మాటే! మన దేశంలో నేక్‌చంద్ అనే ఆయన పారేసిన పింగాణీ, గాజుల ముక్కలతో మనుషులను, జంతువులను చేసి చండీగఢ్‌లో రాక్ గార్డెన్ కట్టారు. 1976లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. ఈ రెండింటి ఫొటోలు చూశాక మా అమ్మాయికి నమ్మకం కుదిరింది.

మొదట ఫొటో కావాలి. నా ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్నాయి. వాటిలో మోతి ఉన్నవి పదకొండే, అవి కూడా ఎవరి పుట్టినరోజు ఫొటోలోనో ఒక మూలన. ముఖం స్పష్టంగా కనిపించేది ఒక్కటే దొరికింది. దాన్ని పెద్దగా ప్రింట్ తీయించి, రెండడుగుల సిమెంట్ బోర్డు మీద కార్బన్ పేపర్ పెట్టి గీతలు దింపాం.

గోడలకు వేసే సిరామిక్ టైల్స్ సులువుగా పగులుతాయి. ఫ్లోర్‌కు వేసే విట్రిఫైడ్ టైల్స్ బాగా గట్టివి, పిల్లల పనికి పనికిరావు. టైల్‌ను గోనెసంచిలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, సుత్తితో బాపే కొట్టేవారు. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి మా అమ్మాయికి చేతి తొడుగులు ఇచ్చాం. మోతిది గోధుమ రంగు అని అందరం అనేవాళ్లం. ఫొటో పక్కన ముక్కలు పెట్టి చూస్తే ఇటుక రంగు, తేనె రంగు, బెల్లం రంగు, మట్టి రంగు అన్నీ ఉన్నాయి. కళ్లతో మొదలుపెట్టాం. నల్ల ముక్క పక్కన చిటికెడంత తెల్ల ముక్క పెట్టగానే కంట్లోకి చూపు వచ్చింది. వెంట్రుకలు ఏ వైపు వాలి ఉంటే ముక్కలు కూడా ఆ వైపే పేర్చాలని బాపు నేర్పారు.

మూడో ఆదివారం మూతి దగ్గరికి వచ్చాం. ఫొటోలో మోతి మూతి తెల్లబడి ఉంది. మా అమ్మాయి మాత్రం నల్ల ముక్కలే ఏరి పేర్చింది. "చిన్నప్పటి మోతిని చేద్దాం తాతా" అంది. "నీ ఇష్టం బిడ్డా" అన్నారు బాపు. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"తాతా, మూతి తెల్లగైతే చచ్చిపోతరా?"

"ముసలిదైందని లెక్క బిడ్డా. నా మీసం సూడు."

"నువ్వు కూడా చచ్చిపోతవా?"

నా చేయి ఆగింది. బాపు చేయి ఆగలేదు. "పోత బిడ్డా. ఎప్పుడో ఒకనాడు అందరం పోతం. ఇయ్యాల మాత్రం గీ మూతి పూర్తి చెయ్యాలె."

"మోతి పోయేటప్పుడు దగ్గర ఎవరున్నరు?"

"నేనున్న. తల నా ఒళ్లె పెట్టుకున్న."

అప్పుడు ఏడ్చింది. అన్ని రోజులు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. బాపు ఏమీ అనకుండా పక్కనే కూర్చున్నారు. తర్వాత తనే కళ్లు తుడుచుకుని, ఇంకా అంటించని నల్ల ముక్కలు కొన్ని తీసేసి, వాటి చోట తెల్లవి పెట్టింది.

ఆ ప్రశ్నలు నేను ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎప్పటికీ బయటికి వచ్చేవి కావు. చేతులు పనిలో, చూపు ముక్కల మీద ఉన్నప్పుడు పిల్లలకు మాట్లాడటం తేలిక. బాపు కూడా మోతి ఆఖరి రోజు గురించి మాకు చెప్పింది అప్పుడే.

ఆరు ఆదివారాలకు బొమ్మ పూర్తయింది. అంటించిన ముక్కలను ఒక రోజంతా ఆరనిచ్చి, సందుల్లో బూడిద రంగు గ్రౌట్ నింపాం. తెల్ల గ్రౌట్ అయితే మూతి మీది తెల్ల ముక్కలు అందులో కలిసిపోయేవి. కాస్త గట్టిపడ్డాక తడి స్పాంజితో తుడిస్తే ముఖం తేటగా బయటికి వచ్చింది. గ్రౌట్ పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. పిల్లలను దూరంగా ఉంచాలి. టైల్స్‌కు పైసా ఖర్చు కాలేదు. బోర్డు, అంటించే గమ్, గ్రౌట్ కామారెడ్డిలోనే కొన్నాం. మా అమ్మాయి లెక్కపెట్టింది, మొత్తం 642 ముక్కలు. ఇప్పుడు ఆ బొమ్మ అరుగు గోడ మీద, మోతి పడుకునే చోటికి పైన ఉంది.

మీ ఇంట్లో కుక్కో, పిల్లో, చిలుకో పోతే పిల్లల బాధను తొందరపెట్టి మరిపించకండి. టైల్స్ లేకపోతే రంగు కాగితాలు, గింజలు, పగిలిన గాజులు ఏవైనా చాలు. కొన్ని వారాలు పట్టే పని ఏదైనా మొదలుపెట్టి పక్కన కూర్చోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. పిల్లలు అడిగినప్పుడు నిజమే చెప్పండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు.